మోటారుకు కెపాసిటర్ పెట్టించారా?

వరి పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎంత అవస్థో మీకు చెప్పనక్కర్లేదు. మోటారు లాగే కరెంటులో కొంత నీళ్లు తోడుతుంది. కొంత లోపల అయస్కాంతశక్తి పుట్టించడానికే పోతుంది. ఈ రెండోది లైన్ల వెంట ఊరికే వచ్చిపోతూ తీగల్ని వేడెక్కిస్తుంది, వోల్టేజీ పడగొడుతుంది. దాన్ని మోటారు దగ్గరే అందించే డబ్బా కెపాసిటర్.

5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్, 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్ చాలు. పవర్ ఫ్యాక్టర్ 0.75 నుంచి 0.92కు పెరిగితే లైను కరెంటు దాదాపు అయిదో వంతు, తీగల్లో నష్టం మూడో వంతు తగ్గుతుంది.

‘ఉచిత కరెంటే కదా, మనకేం మిగిలింది?’ అనకండి. ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఎండేది మన మడే. అయితే ఒక్కరు పెడితే తేడా అంతగా తెలీదు, దాని కింది రైతులందరూ పెట్టాలి. ఒప్పించడమే కష్టం!

స్టార్టర్ తర్వాత, మోటారు వైపు కలిపించండి. మోటారు ఆగితే ఇదీ ఆగాలి. రిలే సెట్టింగు ఆ మేరకు తగ్గించమని మెకానిక్‌కు చెప్పండి, లేకుంటే మోటారు వేడెక్కినా ట్రిప్ కాదు. స్టార్టర్‌కు ముందు తీగకు టాంగ్ టెస్టర్ పెట్టి చూస్తే ఆంపియర్లు తగ్గాలి. తగ్గకపోయినా, డబ్బా ఉబ్బినా మార్చేయండి. స్విచ్ ఆపినా కాసేపు అందులో కరెంటు నిలవుంటుంది, వెంటనే తాకొద్దు.