మీకు తెలుసా? హాడో రేవు కబుర్లు

విశాఖలో ఓడెక్కి సుమారు రెండున్నర రోజులు సముద్రం చూస్తూ కూర్చుంటే హాడో వస్తుంది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చే ఓడలు ఆగే రేవు అది. ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అనాలి గానీ నోరింకా తిరగడం లేదు. బియ్యం, సిమెంటు, ఇనుప చువ్వలు, అన్నీ ఓడ దిగాల్సిందే. దిగాలంటే ఎవరో దించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో 3.8 లక్షల మంది ఉంటే, నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి పనికోసం వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు. అందుకే ఈసారి తునకలన్నీ రేవు చుట్టూనే.

★

‘ద్వీపాంతరవాసం’ అన్న మాట ఇప్పుడు పాత నవలల్లో తప్ప కనపడదు. ఒకప్పుడు అది కోర్టు వేసే శిక్ష. మనవాళ్లకు ఆ ద్వీపం అంటే అండమానే. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న ఈ శిక్షను 1955లో సవరించి, దాని స్థానంలో యావజ్జీవ ఖైదు పెట్టారు. ఆ దశాబ్దంలోనే కేరళ, ఆంధ్ర తీరాల జాలరి కుటుంబాలను ప్రభుత్వం పిలిచి మరీ దీవుల్లో స్థిరపడమంది. సంకెళ్లతో వెళ్లిన దారినే జనం టికెట్టు కొనుక్కుని వెళ్లసాగారు.

★

రేవులో పెద్ద పెద్ద చెక్కపెట్టెల మీద, యంత్రాల మీద బరువు అంకె కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది. సరుకు యజమాని లెక్కకోసం కాదది. క్రేను నడిపేవాడికి, దాని కింద పనిచేసేవాడికి. బరువు తెలియక ఊహ మీద ఎత్తితే తాడు తెగుతుంది, తెగితే పడేది కూలివాడి మీదే. టన్నుకు మించిన ఏ సరుకైనా ఓడెక్కే ముందే దాని బరువు చెరగకుండా రాయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లో ఒప్పందం చేసింది. మన దేశం 1931లో ఒప్పుకుంది. దానికోసం ఒక చిన్న చట్టం కూడా చేసుకున్నాం, 1951లో. ప్రపంచ వాణిజ్యం గురించి ఎన్ని గొప్ప తీర్మానాలున్నా, నాకు మాత్రం పెట్టె మీద కుంచెతో రాసిన ఆ అంకె మీదే గురి.

★

మరి క్రేను ఎత్తని బరువు? వీపు మీదికెక్కే బస్తా? మగ కార్మికుడి చేత 55 కిలోలకు మించి మోయించకుండా చూడాలని 1967లో ఆ సంస్థే చెప్పింది. సిమెంటు బస్తా 50 కిలోలు, సరే. మన కోస్తాలో ధాన్యం లెక్కకట్టే బస్తా మాత్రం 75 కిలోలు! జెనీవాలో ఉన్న ఆ సంస్థ చెప్పింది సిఫారసే. కళ్లంలో నడిచేది అలవాటు.

★

హమాలీ, కళాసీ అరబ్బీ నుంచి వచ్చిన మాటలు. మేస్త్రీ పోర్చుగీసువాళ్లది. బస్తా పారసీకం. రేవులో మాటలు కూడా ఓడల్లోనే దిగాయన్నమాట. ‘కూలి’ మాత్రం మన దక్షిణాది భాషల్లోది, పనికి ఇచ్చే డబ్బు అని అర్థం. ప్రపంచమంతా తిరిగిన ‘కూలీ’ అనే తిట్టుమాటకు ఇదే మూలమని బలమైన వాదన ఒకటుంది. అదే నిజమైతే, మనిషికివ్వాల్సిన డబ్బు పేరునే మనిషికి పెట్టి, డబ్బు సంగతి మరిచిపోయారు.

★

అండమాన్‌కు ఉత్తరాన, అదే సముద్రంలో కలిసే నది ఒడ్డున రంగూన్ ఉంది. బ్రిటిష్ కాలంలో అక్కడి రేవులో బరువులు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కేవారు గనుక బర్మావాళ్లు వాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఓడెక్కించేవాడు, అక్కడ కూలిలో కోసుకునేవాడు. అప్పు తీరేదాకా ఇంటిముఖం లేదు.

1930 మే నెలలో ఈ రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించాయి. కొద్దిరోజులకు తెలుగువాళ్లతో రాజీ కుదరగానే, ఆ తెచ్చినవాళ్లను పొమ్మన్నాయి. ఎదురుబొదురుగా నిలబడ్డ రెండు ఆకలి గుంపుల మధ్య మే 26న అల్లర్లు రాజుకున్నాయి. వందమందికి పైగా చనిపోయారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని జాతి కలహం అని రాస్తుంటారు. కావచ్చు. కానీ ముందు తేలనిది కూలి లెక్క, ఇద్దరినీ పిలిచి ఇద్దరినీ పొమ్మనగలిగింది ఒకే చెయ్యి.

★

రేవు పనిలో ఇంకో చిక్కుంది. ఓడ వస్తేనే పని. తుపానుకు ఓడ ఆగితే? పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడ్డవాడికి ఏమిటి? లండన్ రేవు కార్మికులు 1889లో ఐదు వారాలు సమ్మె చేసింది ఇలాంటి లెక్క మీదే. గంటకు ఆరు పెన్నీలు ఇవ్వాలి, పిలిచి పనిలో పెట్టుకుంటే కనీసం నాలుగు గంటల కూలైనా ముట్టాలి అన్నారు. గెలిచారు. వాళ్ల పిల్లల కడుపు నింపింది ఎవరనుకున్నారు? భూమికి అవతలి వైపున్న ఆస్ట్రేలియా కార్మికులు! 30 వేల పౌండ్లకు పైగా చందాలు పంపారు.

మన దేశంలో 1948లో వచ్చిన రేవు కార్మికుల చట్టం కింద బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఆపైన విశాఖ వంటి పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. పేరు నమోదైన కార్మికుడు వచ్చి నిలబడితే, ఆరోజు పని దొరక్కపోయినా హాజరు డబ్బు ఇచ్చేవారు. నిలబడ్డ పొద్దుకీ వెల కట్టిన చట్టం అది. ఫోను పట్టుకుని హోటల్ బయట ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రాడికి ఈ సంగతి చెప్తే నమ్మకపోవచ్చు.

★

ఆ బోర్డులకు కాలం చెల్లేలా చేసింది ఒక ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెట్టెలతో బయల్దేరింది. కంటైనర్ యుగం అదే. చేత్తో సరుకెక్కిస్తే టన్నుకు 5 డాలర్ల 86 సెంట్లయ్యే ఖర్చు, పెట్టెతో 16 సెంట్లకు దిగింది. మన ఇంట్లోకి చవక ఫోను రావడానికి, లక్షలమంది రేవు కూలీల ఉపాధి పోవడానికి కారణం ఒక్కటే.

★

‘గౌరవప్రదమైన పని’ అనే మాటను కార్మిక సంస్థ నినాదంగా పెట్టుకున్నది 1999లో. ఆ మాట మీద నివేదిక ఇచ్చిన అప్పటి సంస్థ అధిపతి హువాన్ సొమావియాది చిలీ. కానీ మనవాడొకరు అంతకు చాలా ముందే జెనీవా గడప తొక్కారు. రైల్వే కార్మికుల నాయకుడు వి.వి. గిరి, 1927లో భారత కార్మికుల ప్రతినిధిగా. అదే గిరి తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మంత్రివర్గం మార్చిందని 1954లో రాజీనామా చేశారు. ఆయన రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలుసు. ఈ రాజీనామా సంగతే తెలియాల్సింది.

★

గ్రేట్ నికోబార్‌కు, దానికి దక్షిణాన ఉన్న సుమత్రాకు మధ్య నీటిదారిలో మలక్కా వైపు వెళ్లే ఓడలు బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో పనిచేసే నావికుడికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి నావికుల ఒప్పందం చెబుతుంది. మన దేశం 2015లో ఆమోదించింది. ఓడ యజమాని జీతమివ్వకుండా నావికులను ఏదో రేవులో వదిలేసి మాయమైతే? నాలుగు నెలల వరకు జీతం బాకీకి, ఇంటికి చేర్చే ఖర్చుకు ముందే బీమా లాంటి హామీ చూపించాలి. 2017 జనవరి నుంచి అది తప్పనిసరి. చూపించలేని ఓడను రేవులోనే ఆపెయ్యొచ్చు.

★

ఓడ దిగి చూస్తే, ప్రపంచంలో సగానికి పైగా జనానికి, అంటే 52.4 శాతానికి, ఏదో ఒక సామాజిక భద్రత అందుతోందని కార్మిక సంస్థ తొలిసారి చెప్పగలిగింది 2024లో. పింఛను గానీ, ప్రసూతి భత్యం గానీ, ఏదో ఒకటి. ఏదీ అందనివాళ్లు 380 కోట్లు.

★

చివరగా టికెట్టు సంగతి. పక్కనున్న ఒడిశాలో ‘దాదన్’ పేరుతో సాగిన కూలీల తరలింపు చూసి, 1979లో వలస కార్మికుల చట్టం తెచ్చారు. కాంట్రాక్టరు తీసుకెళ్లిన కూలీలకే అది వర్తించేది. కానీ శ్రీకాకుళం కుర్రాడు హాడో వెళ్లేది ఎలా? అక్కడున్న బావ ఫోను చేస్తాడు, ‘వచ్చీరా, పనుంది’ అని. బంక్ క్లాసులో ఓడెక్కేస్తాడు. 1979 చట్టం దృష్టిలో అతను వలస కూలీ అయ్యేవాడు కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఆ లోపం సరిదిద్దారు. నెలకు 18 వేల రూపాయల లోపు జీతగాడు తనంతట తాను వచ్చినా వలస కార్మికుడే. అయితే పాత చట్టం ఐదుగురున్న చోట వర్తించేది, కొత్తది పదిమంది ఉంటే గానీ కదలదు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడం అంటే ఇదే మరి. ఏడాదికోసారి సొంతూరు వెళ్లిరావడానికి యజమాని ప్రయాణ ఖర్చు ఇవ్వాలన్న మాట కూడా ఆ కోడ్‌లలో ఉంది. రైలని రాయలేదు, బస్సని రాయలేదు. హాడోలో పనిచేసేవాడికి సొంతూరి ప్రయాణం అంటే ముందు ఓడే.