మొరాకోలో పెట్టుబడి: దేశాన్ని చూడాలి, ఒప్పందాన్నీ చూడాలి

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఒక సోదరుడు ఇటీవల జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఆపి ఇలా అడిగాడు: "మౌల్వీ సాబ్, మొరాకోలో వ్యాపారానికంటూ ఒకాయన డబ్బు పోగుచేస్తున్నాడు. లక్షకు నెలకింత అని ఖాయంగా ఇస్తాడట. ముస్లిం దేశమే గదా, పెట్టమంటారా?"

పదేళ్ల కష్టార్జితం ఆయన చేతిలో ఉంది. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు ముందున్నాయి. ఆ దేశం మంచిదా, ఈ ఒప్పందం మంచిదా అన్న రెండు ప్రశ్నలను ఆయన ఒకటిగా కలిపేశాడు. వాటిని విడదీసి చూద్దాం.

ఆఫ్రికా వాయవ్య మూలనున్న మొరాకో మనకు పరాయిది కాదు. 1304లో అక్కడి టాంజీర్ నగరంలో పుట్టిన ఇబ్నె బతూతా ఢిల్లీలో ఖాజీగా పనిచేశారు. ఇక నేటి సంబంధం మన పొలాలతో ముడిపడి ఉంది. ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో సుమారు 70 శాతం ఆ దేశం అధీనంలోనే ఉన్నాయి. డి.ఎ.పి. తయారీకి కావలసిన ఫాస్ఫారిక్ ఆమ్లం అక్కడి నుంచి మన దేశానికి వస్తోంది. అక్కడి ప్రభుత్వ సంస్థ ఓ.సి.పి., మన దేశానికి చెందిన చంబల్ ఫర్టిలైజర్స్, టాటా కెమికల్స్ జోర్ఫ్ లస్ఫర్ రేవు దగ్గరున్న ఇమాసిడ్ అనే ఆమ్ల కర్మాగారంలో భాగస్వాములు.

యూరప్‌కు, మొరాకోకు మధ్య జలసంధి వెడల్పు ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. ఆ ఒడ్డున 2007లో టాంజీర్ మెడ్ రేవు మొదలైంది. 2012లో రెనో సంస్థ దగ్గరలోనే కార్ల కర్మాగారం తెరిచింది. దాని వెంట విడిభాగాలు చేసే సంస్థలూ వచ్చాయి. 2030 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలను స్పెయిన్, పోర్చుగల్‌లతో కలిసి మొరాకో నిర్వహించనుంది. కనుక నిర్మాణ పనులకు, హోటళ్లకు అక్కడ అవకాశముంది. కాని వర్షాలు ముఖం చాటేస్తే అక్కడి సేద్యం కుంగిపోతుంది. కార్యాలయాల్లో కాగితాలు అరబీ, ఫ్రెంచి భాషల్లో ఉంటాయి. ఉర్దూ చదివినవారు అరబీ అక్షరాలను గుర్తుపట్టగలరేమో గాని, ఒప్పందం అర్థం చేసుకోలేరు.

వడ్డీ విషయానికి వద్దాం. మొరాకో కేంద్ర బ్యాంకు 2017లో ఇస్లామీ పద్ధతి బ్యాంకులకు అనుమతులిచ్చింది. వాటిని అక్కడ 'భాగస్వామ్య బ్యాంకులు' అంటారు. మురాబహాలో బ్యాంకు ఇంటిని తానే కొని, అసలు ధర ఇంత, తన లాభం ఇంత అని చెప్పి వాయిదాలపై మనకు అమ్ముతుంది. సరుకు ఉంది, అమ్మకం ఉంది కనుక ఆ లాభం ముందే తెలుస్తుంది. భాగస్వామ్యం అలా కాదు. వ్యాపారంలో సొమ్ము పెట్టినవాడు లాభంతోపాటు నష్టానికీ సిద్ధపడాలి. నష్టంతో నిమిత్తం లేకుండా లక్షకు నెలకింత అని ఖాయం చేస్తే, దానికి ఏ అరబీ పేరు పెట్టినా అది వడ్డీయే. పైగా అలా ఖాయంగా ఇస్తామన్నవారు పాతవారికి కొత్తవారి సొమ్మే పంచి, చివరికి తలుపులు మూసిన సంగతులు మనం చూశాం.

అందుకే ఆ సోదరునికి మేము మూడు ప్రశ్నలు రాసిచ్చాం. ఆ కంపెనీ మొరాకో వాణిజ్య రిజిస్టరులో ఉందా? డబ్బు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు ద్వారా మీ పేరుతోనే వెళుతుందా? నష్టం వస్తే ఎవరు ఎంత భరిస్తారో కాగితం మీద ఉందా? బాకీ వ్యవహారాన్ని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ బఖరా సూరాలో (2:282) ఆదేశిస్తోంది. రాతకోతలకు జంకే మనిషి చేతిలో ఆడపిల్లల పెళ్లి సొమ్ము పెట్టకూడదు, ఆయన ఏ దేశం పేరు చెప్పినా సరే.