తాళం లేని ఆటలు

2015లో విండోస్ 10 వచ్చాక ఎన్నో పాత కంప్యూటర్ ఆటల డిస్కులు పనిచేయడం మానేశాయి. డిస్కుల మీద గీతలు పడలేదు, ఆటల్లో లోపమూ లేదు. వాటికి బిగించిన సేఫ్‌డిస్క్ అనే రక్షణ విండోస్‌లోని ఒక డ్రైవర్ మీద ఆధారపడేది. భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవర్‌ను పక్కన పెట్టింది. డబ్బిచ్చి కొన్నవారు నష్టపోయారు. రక్షణ తీసేసిన దొంగనకలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ఇది కొనుగోలుదారుకు జరిగిన అన్యాయమే.

ఇలాంటి రక్షణలన్నిటినీ కలిపి డీఆర్‌ఎం అంటారు. నేటి పద్ధతుల్లో చాలావాటికి ఇంటర్నెట్ కావాలి. ఆట తెరవగానే కంప్యూటర్ తన భాగాల గుర్తులను కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ మన ఖాతాతో సరిచూసి అనుమతి ఇస్తుంది. కొన్ని ఆటలు ఒక్కసారి అడిగి ఊరుకుంటాయి, కొన్ని పదేపదే అడుగుతాయి. ఇల్లు అమ్మి తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నట్టుంటుంది ఈ అమ్మకం.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన గాగ్ దుకాణం దీనికి భిన్నం. అక్కడ కొన్న ఆటకు ఇలాంటి తాళం లేని ఇన్‌స్టాలర్ ఫైళ్లు చేతికిస్తారు. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటను కూడా అలాగే అమ్మారు. అయితే సర్వర్ మీదే నడిచే ఆటలకు ఈ మార్గం పనికిరాదు. యూబీసాఫ్ట్ 2024లో సర్వర్లు ఆపేయడంతో ‘ది క్రూ’ అనే ఆట ఒంటరిగా ఆడేవారికీ దక్కకుండా పోయింది.

చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్‌లో ఉండే పాఠకుడికి ఇది దూరపు సంగతి కాదు. ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రాజురా ప్రాంతంలోని సిమెంటు కర్మాగారాల ఊరది. అక్కడి నుంచి కొండల వైపు పల్లెలకు వెళితే ఇంటర్నెట్ సరిగా అందకపోవచ్చు. 40 జీబీ ఆటను సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో దింపడానికి దాదాపు 9 గంటలు పడుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో అయితే 27 రోజులు. ఒక్కసారి దింపుకొని భద్రపరిస్తే ఈ శ్రమ మళ్లీ ఉండదు.

భద్రపరచడమే అసలు పని. గాగ్ పెద్ద ఇన్‌స్టాలర్లను 4 జీబీ లోపు ముక్కలుగా ఇస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ అంతకన్నా పెద్ద ఫైలును పట్టదు. ఒక్క ముక్క పాడైనా ఇన్‌స్టాలేషన్ ఆగిపోవచ్చు. అందుకే ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం లెక్కించి రాసుకోవాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంకేతం పూర్తిగా మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోని విద్యుదావేశం ఏళ్లు గడిచేకొద్దీ కారిపోతుంది కనుక రెండో ప్రతి హార్డ్‌డిస్కులో ఉండాలి.

మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ న్యాయంగా కొన్నవారికి ప్రోగ్రామ్ బ్యాకప్ ప్రతిని అనుమతిస్తుంది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం పగలగొట్టడం మాత్రం 2012 సవరణ తెచ్చిన 65ఎ సెక్షన్ కింద నేరం. తాళం లేని ఆట అయినా ఊళ్లో పంచిపెట్టడానికి కాదు. అలా పంచితే ఈ నమ్మకంతో అమ్మేవారే మిగలరు.

ఆట నిజంగా ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో లేదో తెలియాలంటే, ఇన్‌స్టాల్ చేశాక వైఫై ఆపి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించి, ఆట తెరిచి చూడాలి. గాగ్ 2020 నుంచి 30 రోజుల్లోపు డబ్బు వాపసు అడిగే వీలు కల్పించింది కాబట్టి ఈ పరీక్ష కొన్న రోజే చేసుకోవాలి.