కాజీపేట శాసనంలో దుర్గరాజు

కాకతీయులు అనగానే మనకు రుద్రదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి గుర్తుకు వస్తారు. రెండవ బేతరాజు కుమారుడు దుర్గరాజును ఎరిగినవారు అరుదు. ఆయన ఉనికికి ముఖ్య సాక్ష్యం కాజీపేట దర్గా వద్ద ఉన్న 1098 నాటి శాసనం. కాలాముఖ శైవాచార్యుడైన రామేశ్వర పండితునికి ఇచ్చిన దానాన్ని అది తెలుపుతుంది. అందులో దుర్గరాజు బిరుదు ‘త్రిభువనమల్ల’. అది ఆయన ప్రభువైన చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని బిరుదే. కాకతీయులు అప్పటికింకా సామంతులే.

1117 నాటి పద్మాక్షి గుట్ట శాసనంలో పాలకుడు ఆయన సోదరుడు రెండవ ప్రోలుడు. ప్రోలుని కుమారుడు రుద్రదేవుడు 1163లో వేయించిన వేయిస్తంభాల గుడి శాసనం బేతరాజు తర్వాత నేరుగా ప్రోలునే పేర్కొంటుంది. రుద్రదేవుడు చెప్పింది తన తండ్రితాతల వరుస. పెదతండ్రికి అందులో చోటు లేకపోయింది. కాబట్టి వంశావళిలో పేరు లేనంత మాత్రాన ఆ వ్యక్తి లేడని మనం తీర్మానించరాదు. వంశస్థులు విడిచిన పేరును ఇక్కడ ఒక దానశాసనం కాపాడింది.