చుక్కలు, అంకెలు, మన కన్ను

సంక్రాంతి నెలలో నిమ్‌పురాలోని తెలుగు వాకిళ్లలో ముగ్గు వేయడాన్ని ఒక్క క్షణం గమనించండి. ముందుగా పడేవి చుక్కలు మాత్రమే. గీత పడకముందే వాటిలో వరుసలు మనకు గోచరిస్తాయి. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక జట్టుగా గ్రహిస్తుంది. మాక్స్ వెర్థైమర్ 1923లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సూత్రాన్ని వివరించినది కూడా చుక్కల వరుసలతోనే. 1910లో రైలు ప్రయాణంలో ఆలోచన తట్టి, ఆయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, బొమ్మలను కదిలినట్లు చూపే ఆటవస్తువును కొన్నారని చెబుతారు. రైల్వేవారికి నచ్చే కథ!

ఇక మన యార్డుకు వద్దాం. వ్యాగన్‌పై 11 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు వ్యాగన్ రకాన్ని, తరువాతి రెండు అది ఏ రైల్వేకు చెందినదో, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని, తరువాతి నాలుగు దాని వరుస సంఖ్యను తెలుపుతాయి. చివరిది సరిచూసుకునే అంకె. అన్నీ ఒకే గొలుసుగా ఉంటే, రాత్రివేళ టార్చి వెలుగులో రాసుకునేవారికి అంకెలు తారుమారు కావడం సులభం. ఒక వ్యాగన్‌కు బదులు మరొకటి జాబితాకు ఎక్కుతుంది. మధ్యమధ్య కొద్దిగా ఎడం ఉంచితే అదే సంఖ్య ఐదు ముక్కలై నోట నిలుస్తుంది. ఖర్చులేని ఉపాయం.

మన భద్రతా పోస్టర్లలో మాత్రం ఈ ఎడం కరువు. నాలుగు మూలలా అక్షరాలు నింపేస్తాము. రైలు చివరి బోగీ వెనుక పసుపు రంగు ‘ఎక్స్’ గుర్తును చూడండి. రెండే గీతలు, చుట్టూ ఖాళీ. అది కనబడకపోతే బండి మధ్యలో తెగిందేమోనని స్టేషన్ సిబ్బంది తక్షణం అప్రమత్తులవుతారు.