రెండు పట్టాల కూడలి: సమాచార నిల్వజాలంలో రౌటరు

2005 డిసెంబరు 11, ఆదివారం. తెల్లవారుజామున ఆరు గంటలు దాటిన వెంటనే, లండనుకు ఉత్తరాన హెమెల్ హెంప్‌స్టెడ్ పట్టణం చేరువలోని బన్స్‌ఫీల్డ్ చమురు నిల్వ కేంద్రంలో భయంకరమైన విస్ఫోటనం జరిగింది. ఇరవైకి పైగా పెద్ద ట్యాంకులు తగులబడ్డాయి. 43 మంది గాయపడ్డారు. సెలవు దినం, వేకువ సమయం కావడంవల్ల ప్రాణనష్టం తప్పింది. ప్రక్కనే ఉన్న నార్త్‌గేట్ అనే కంప్యూటరు సేవల సంస్థ ప్రధాన కార్యాలయం తీవ్రంగా దెబ్బతిన్నది. అక్కడికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో రోగుల రాకపోకలను నమోదు చేసే వ్యవస్థ ఆ భవనంలోని కంప్యూటర్లపైనే ఆధారపడి ఉండేది. ఆసుపత్రి సిబ్బంది కొద్దిరోజులపాటు కాగితం, కలం చేతబట్టవలసి వచ్చింది.

ఈ ఘటన నేర్పే పాఠం ఒక్కటే. విలువైన సమాచారానికి రెండవ ఇల్లు ఉండాలి. ఆ ఇల్లు మొదటిదానికి తగినంత దూరంలో ఉండాలి. చెప్పడానికి సులువైన ఈ మాటను ఆచరణలో పెట్టడానికి ఒక సాంకేతికమైన అడ్డు ఉన్నది. ఆ అడ్డును తొలగించడానికి పుట్టిన పరికరాలలో ఒకటి నిల్వజాలపు రౌటరు.

ముందుగా నిల్వజాలం అంటే ఏమిటో చూద్దాం. ప్రతి రైతు తన ఇంట్లోనే గాదె కట్టుకుంటే ఒకరి గాదె పొంగిపొర్లుతుండగా మరొకరిది ఖాళీగా ఉంటుంది. ఊరందరికీ కలిపి ఒక పెద్ద గిడ్డంగి కట్టి, అందులో ఎవరి గది వారికి కేటాయిస్తే ఆ చిక్కు తీరుతుంది. అదే విధంగా, ప్రతి సర్వరుకూ విడివిడిగా డిస్కులు తగిలించే బదులు, డిస్కులన్నింటినీ ఒకచోట చేర్చి, సర్వర్లకూ వాటికీ నడుమ ప్రత్యేకమైన మార్గాలు వేస్తారు. ఆ మార్గాల అల్లికే నిల్వజాలం. అందులోని పెద్ద సంస్థల జాలాలలో ప్రధానంగా ఫైబర్ ఛానెల్ అనే పద్ధతి స్థిరపడింది.

ఫైబర్ ఛానెల్‌కు ఒక కఠిన నియమం ఉన్నది. అవతలివైపు దించుకొనడానికి చోటున్నదని కబురు వచ్చిన తరువాతనే ఇవతలినుంచి సరుకు కదులుతుంది. ఈ అనుమతికి క్రెడిట్ అని పేరు. రద్దీవల్ల దారిలో సరుకు పారవేయవలసిన అవసరం రాకపోవడం దీనివల్ల కలిగే మేలు. అయితే దూరం పెరిగినకొద్దీ ఈ నియమమే భారమవుతుంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు ఒక గిగాబిట్ వేగంగల తొలితరం ఫైబర్ ఛానెల్‌లో నిండుగా ఉన్న ఒక ఫ్రేము తీగలో దాదాపు 4 కిలోమీటర్ల పొడవును ఆక్రమిస్తుంది. 60 కిలోమీటర్ల దూరానికి రాకపోకలు కలిపి 120 కిలోమీటర్లు. కనుక మార్గం ఖాళీగా ఉండకూడదంటే సుమారు 30 ఫ్రేములకు ముందుగానే అనుమతి ఉండాలి. వేగం రెట్టింపైతే ఈ సంఖ్యా రెట్టింపవుతుంది. పైగా సాధారణమైన దీర్ఘతరంగ కాంతిపరికరాల పరిమితి 10 కిలోమీటర్లే. అంతకు మించి ప్రత్యేకమైన గాజుతీగ వేయించుకోవడం అన్ని సంస్థలకూ సాధ్యమయ్యే పని కాదు.

ఇంకొకవైపు దేశమంతటా, ప్రపంచమంతటా అప్పటికే పరచుకొని ఉన్నది ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే జాలం. దాని స్వభావం వేరు. రద్దీ ఎక్కువైతే కొన్ని పొట్లాలను దారిలోనే వదలివేస్తుంది. పోయినవాటిని టీసీపీ అనే నియమావళి గుర్తించి తిరిగి పంపిస్తుంది. అంటే ఇవి రెండు భిన్నమైన పట్టాలు. ఒకప్పుడు గుంతకల్లు జంక్షనులో మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండూ కలిసేవి. ఒక గేజి బండి రెండవ గేజిమీద నడవదు కనుక సరుకు మారవలసిందే. నిల్వజాలపు రౌటరు అటువంటి కూడలి.

ఈ కూడలిలో సరుకు మార్చడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఎఫ్‌సీఐపీ. ఇందులో ఫైబర్ ఛానెల్ ఫ్రేమును విప్పకుండా, వ్యాగనును అట్లాగే లారీమీద ఎక్కించినట్లు, ఇంటర్నెట్ పొట్లంలో పెట్టి పంపుతారు. అవతలి రౌటరు దానిని యథాతథంగా దించుతుంది. దూరాన ఉన్న రెండు నిల్వజాలాలను కలపడానికి ఇది అనువైనది. రెండవది ఐస్కజీ. డిస్కులకు ఆజ్ఞలిచ్చే పాత భాష స్కజీ. ఆ ఆజ్ఞలను సర్వరు నేరుగా టీసీపీ ద్వారా పంపుతుంది. రౌటరు వాటిని విప్పి, ఫైబర్ ఛానెల్ ఫ్రేములలో తిరిగి సర్ది డిస్కులకు అందజేస్తుంది. ఐస్కజీ ప్రమాణం 2004లో ప్రచురితమైనది. అంతకు ముందే, 2001లో సిస్కో సంస్థ ఎస్‌ఎన్ 5420 అనే రౌటరును విడుదల చేసింది. అందులో గిగాబిట్ ఈథర్నెట్ ద్వారం ఒకటి, ఫైబర్ ఛానెల్ ద్వారం ఒకటి ఉండేవి. మరుసటి ఏడాది వచ్చిన ఎస్‌ఎన్ 5428లో ఇవి వరుసగా రెండు, ఎనిమిది అయ్యాయి. ఆ నమూనాలు నేడు విపణిలో లేవు. వాటి పనిని బహువిధ నియమావళులు తెలిసిన స్విచ్చులూ, నిల్వ యంత్రాలూ తమలో కలుపుకున్నాయి.

ఇటువంటి పెట్టెను విప్పి చూస్తే ద్వారాలకు తోడు, ఆజ్ఞలను అనువదించే ప్రాసెసరు, రెండు వైపుల వేగాల తేడాను భరించే మెమొరీ కనిపిస్తాయి. ఈ మెమొరీయే రౌటరుకు ప్రాణం. తీగకు అవతల ఎంత ఆలస్యమున్నా, స్థానిక ఫైబర్ ఛానెల్ పరికరానికి చేరువలోనే క్రెడిట్ ఇచ్చి, సరుకును తన దగ్గర ఉంచుకొని నెమ్మదిగా పంపగలుగుతుంది.

రౌటరు చేసే మరొక ముఖ్యమైన పని కాపలా. ఫైబర్ ఛానెల్‌లో ప్రతి పరికరానికీ 64 బిట్ల శాశ్వత నామం ఉంటుంది. ఐస్కజీ సర్వర్లకు వేరొక తీరు నామాలుంటాయి. ఏ నామధారి ఏ డిస్కును చూడవచ్చునో రౌటరులోని పట్టిక నిర్ణయిస్తుంది. ఈ పట్టికలో పొరపాటు జరిగితే ఒక సర్వరు మరొక సర్వరు డిస్కును తనదిగా భావించి, దానిమీద వ్రాసి, ఉన్నదంతా పాడుచేయగలదు. పొరుగువాని గది తాళంచెవి పొరపాటున మన చేతికి వచ్చినట్లే. ఒక రౌటరు చెడితే దారి మూసుకుపోకుండా రెండింటిని జంటగా అమర్చడం మంచి పద్ధతి.

అయితే రౌటరు కాంతివేగాన్ని పెంచలేదు. ఒక రసాయన చర్య వేగాన్ని అందులోని అత్యంత మందమైన దశ నిర్ణయించినట్లు, ఇక్కడ దూరం నిర్ణయిస్తుంది. 60 కిలోమీటర్ల రాకపోకలకు కాంతికి పట్టేది 0.6 మిల్లీసెకను. అంత ఆలస్యాన్ని చాలా వ్యవస్థలు భరించగలవు కనుక ప్రతి వ్రాతనూ రెండు చోట్లా పూర్తిచేసిన తరువాతనే ముగిసిందని చెప్పవచ్చు. లండను, హైదరాబాదుల మధ్య నేరుగా 7,700 కిలోమీటర్లు తీగ వేసినా రాకపోకలకు 77 మిల్లీసెకనులు కావాలి. అక్కడ ప్రతి వ్రాతకూ వేచి ఉండడం కుదరదు. ఇక్కడ వ్రాసి ముగించి, ప్రతిని వెనుకగా పంపుతారు. ఆ కొద్ది వెనుకబాటులో ఉన్న సమాచారం ప్రమాదవేళ పోవచ్చునని ముందే అంగీకరించాలి.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. పొరపాటున చెరిపినదానిని కూడా రౌటరు అంతే నమ్మకంగా అవతలికి చేరవేస్తుంది. అందుచేత ఎప్పటికప్పుడు మారే జంట ప్రతితో బాటు, మార్పులకు అందకుండా విడిగా దాచిన పాత ప్రతి కూడా ఉండాలి. బన్స్‌ఫీల్డ్ విస్ఫోటనం తరువాత అక్కడి సేవలు కోలుకున్నది వేరొకచోట భద్రపరచిన ప్రతులవల్లనే.

ఆసుపత్రి రికార్డులకు వర్తించే ఈ సూత్రం ఇంట్లోని పెళ్ళి చిత్రాలకూ, పెద్దల కంఠస్వరాలకూ వర్తిస్తుంది. ఒక ప్రతి ఇక్కడ, ఒక ప్రతి స్వస్థలంలో ఉంచుకున్న కుటుంబం, రౌటరు పేరు వినకపోయినా, ఆ పెట్టె చెప్పే నీతిని ఆచరించినట్లే.