వైజాగ్ వస్తున్నారా? గోపాలపట్నం నుంచి మొదలుపెట్టండి!

‘వైజాగ్ వస్తున్నాం’ అని చుట్టాలు ఫోన్ చేస్తే గోపాలపట్నం వాళ్లం అడిగే మొదటి మాట ‘ఎన్ని రోజులుంటారు?’ అనే. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే... ‘రెండ్రోజులండీ. బీచ్ చూసుకుని అరకు వెళ్లిపోతాం’. వాళ్ల తప్పేం లేదు. సినిమాల్లోనూ రీల్స్‌లోనూ కనిపించే విశాఖ అదే కదా! కానీ బీచ్ ఒక్కటే చూసి వెళ్తే, ఈ ఊరు ఎవరి కష్టం మీద నిలబడిందో తెలియకుండానే పోతుంది.

ఆమధ్య ‘పరిపాలనా రాజధాని’ అన్నారు. 2020లో చట్టం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. రాజధాని మాట వచ్చినా, పోయినా విశాఖ మాత్రం రోజూ పొద్దున్నే షిఫ్టుకు వెళ్తూనే ఉంది. పోర్టు, నేవీ, స్టీలు ప్లాంటు... వీటన్నిటి మధ్యా ఓ పక్క కొండలు, మరో పక్క సముద్రం. ఆ మధ్యలో ఇరుక్కున్నట్టుండే ఊరు కాబట్టే రెండ్రోజుల్లో, అదీ సిటీ బస్సుల్లోనే, చాలావరకు చూసేయొచ్చు.

మొదటి రోజు: అప్పన్న కొండ నుంచి అలల దాకా

సింహాచలం రైల్వే స్టేషన్ పేరుకే సింహాచలం, ఉన్నది మా గోపాలపట్నంలోనే. పొద్దున్నే కొండెక్కేయండి. బస్సులున్నాయి. ఓపికుంటే అడవివరం దగ్గర తొలిపావంచా నుంచి మెట్లదారి ఉంది. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం ఒక్క అక్షయ తృతీయ రోజే! ఆ రోజు, అలాగే ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ అప్పుడు ఊరంతా జనమే. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. మా గోపాలపట్నం మీదుగానే వెళ్తారు. ఇంటింటి ముందూ మజ్జిగ, మంచినీళ్లు పెట్టి నిలబడతాం. తీరిగ్గా ఊరు చూడాలనుకుంటే మాత్రం ఆ రెండు సందర్భాలూ తప్పించి రండి.

కొండ దిగాక గోపాలపట్నంలో 28కె బస్సెక్కి కూర్చుంటే ఆర్కే బీచ్‌లో దిగొచ్చు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం దాటుతూ వెళ్లే ఈ దారే ఒక టూరు. పక్క సీట్లో కేరేజీ పట్టుకుని కునికిపాట్లు పడుతున్నాయన డ్యూటీ దిగి వస్తున్నాడో, ఎక్కడానికే వెళ్తున్నాడో చెప్పలేం!

బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర తప్పక చూడండి. 31 ఏళ్లు నేవీలో పనిచేసిన జలాంతర్గామి ఇది. 2002లో మ్యూజియం అయింది. సోమవారం సెలవు. ఆ ఇరుకు బెర్తులు చూస్తే నీళ్లకింద బతకడం ఎంత కష్టమో అర్థమవుతుంది. రోడ్డుకు అటుపక్కే టీయూ-142 యుద్ధవిమానం ఉంది. సాయంత్రం ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినకపోతే వైజాగ్ వచ్చినట్టే కాదు.

ఒక్క మాట... దయచేసి ఇక్కడ స్నానానికి దిగకండి. పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా ఈ అలలు వెనక్కి లాగేస్తాయి. మోకాళ్ల లోతే కదా అని దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఎర్రజెండా ఉన్నా, లైఫ్‌గార్డు విజిల్ వేసినా మారుమాట లేకుండా వెనక్కి వచ్చేయండి.

రెండో రోజు: హార్బరు నుంచి భీమిలి

తెల్లారకముందే లేచి ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి. కోనెం, చందువా, రొయ్యలు గుట్టలుగా పోసి వేలం వేస్తుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కాబట్టి అప్పుడు ఈ సందడి ఉండదు. అక్కడి నుంచి పాత ఊళ్లోకి వస్తే పోర్టు ముఖద్వారం దగ్గర మూడు చిన్న కొండలు. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. తుపానుల నుంచి ఓడలకు అడ్డుగా నిలబడేది అదే. 1933లో పోర్టు ఇక్కడ ఏర్పడటానికి అదీ ఓ కారణం.

తర్వాత 900కె బస్సులో తీరం వెంబడి భీమిలి దారి పట్టండి. కైలాసగిరి, రుషికొండ, ఆపైన తొట్లకొండ. నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చిన ఈ బౌద్ధారామం 1976లో నేవీ సర్వేలో బయటపడింది. రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు కూర్చున్న చోటి నుంచి సముద్రాన్ని చూడటం మరో అనుభూతి. భీమిలిలో డచ్చివారి సమాధులు చూసి తిరుగుబస్సెక్కొచ్చు.

గైడ్లు చెప్పనివి

స్టీలు ప్లాంటు టూరిస్టు స్పాట్ కాదు. కానీ దాని కోసం 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ తెలుగువాళ్లు ప్రాణాలిచ్చారు. 2021లో ప్లాంటు అమ్మకం మాట రాగానే కార్మికులు మళ్లీ రోడ్డెక్కింది అందుకే.

మా గోపాలపట్నం పక్కనే ఆర్‌ఆర్ వెంకటాపురం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి రసాయన ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై, నిద్రలో ఉన్న జనాన్ని కమ్మేసింది. 12 మంది చనిపోయారు. వెళ్లి ఫొటోలు తీసుకోమని చెప్పడం లేదు. బస్సు ఆ దరిదాపుల్లో వెళ్తున్నప్పుడు ఒక్కసారి తలుచుకోండి చాలు. ఇళ్లకీ ఫ్యాక్టరీలకీ మధ్య దూరం లేకపోవడం కూడా విశాఖ కథే. బతుకుతెరువు, భయం ఇక్కడ ఒకే వీధిలో ఉంటాయి.

మూడో రోజు మిగిలిందా? అయితే పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లిరండి. అప్పటికి మా ఊరు పూర్తిగా చూసినట్టే!